కారు నడిపేవారు ఏడుగురు

ఆ రోజుల్లో మనిషిని చూసేముందు ఆ మనిషి పేరు ఏ కాగితంలో ఉందో చూసేవారు. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారుగానీ, అడవుల్లో కమ్యూనిస్టులు, రోడ్ల మీద మిలిటరీ లారీలు తిరిగిన, తెల్లదొరలు మలయాలో పెట్టిన ఆ ఎమర్జెన్సీ కాలంలో, సుంగై సుమున్ దగ్గర మా కొబ్బరి ఎస్టేటులో బతుకంతా జాబితాల మీదే నడిచేది. ఇళ్ల చుట్టూ ముళ్లకంచె, కంచెకి ఒక గేటు, గేటు దగ్గర ఒక జాబితా. ప్రతి ఇంటి తలుపు మీదా ఆ ఇంట్లో పడుకునేవాళ్ల పేర్లు రాసిన కాగితం. బియ్యం ఇచ్చేచోట ఇంకొకటి. తెల్లవారుజామున పెరట్టులో (కూలీలందరినీ వరసగా నిలబెట్టి పేరుపేరునా పిలిచి హాజరు వేసే తంతు) మరొకటి. ఆ పేర్లు పిలిచే చిన్న కిరాణి, అంటే ఎస్టేటు ఆఫీసు గుమాస్తా, మా నాయనే. మా తమ్ముళ్లిద్దరూ ఎక్కాలకన్నా ముందు ఇంట్లోవాళ్ల పేర్లు వరస తప్పకుండా అప్పజెప్పడం నేర్చుకున్నారు. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ ఒక రోగం ఉండేది. ఏ కాగితం కనిపించినా "ఇదేటి? ఇదెందుకు?" అని అడగనిదే ఊరుకునేదాన్ని కాదు. అందుకని మా మామ్మ, నాయనకు తల్లి, నాకు "ఏటెందుకు" అని పేరు పెట్టింది. బడిలో రాయించిన పేరు బడిలోనే ఉండిపోయింది, ఎస్టేటంతటికీ నేను ఏటెందుకునే.

మెర్డెకా వచ్చిన ఏడాది, అంటే దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది, మా ఎస్టేటు చిన్న దొర పెట్టే బేడా సర్దుకుని ఇంగ్లండు వెళ్లిపోతూ తన నల్లకారును మా నాయనకు అంటగట్టి పోయాడు. పేరుకి కారేగానీ దాని ఎడంవైపు వెనక తలుపు కొబ్బరిపీచు తాడుతో కట్టి ఉండేది, వాన పడితే లోపల కూడా గొడుగు వేసుకోవాల్సి వచ్చేది. అయినా మా లైన్లలో, అంటే ఎస్టేటు కూలీల ఇళ్ల వరసల్లో, అదే మొదటి కారు. నాయన అంతకుముందే ఎస్టేటు లారీ డ్రైవరు దగ్గర నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాడు. కాకపోతే కొబ్బరికాయల ఎడ్లబండి ముందు పోతుంటే దాన్ని దాటడానికి ధైర్యం చాలక, బండి ఎక్కడికి పోతే అక్కడికి దాని వెనకే పోయేవాడు. అసలు కారు నడపడం వచ్చినవాడు మా బాబాయి. హుటాన్ మెలింటాంగ్‌లో పడవల ఇంజన్లు బాగుచేసే పని ఆయనది, ఆదివారాలు మా ఇంటికి వచ్చేవాడు.

ఈ కారు వల్ల ఇంట్లో అందరికన్నా ఎక్కువ ఆశ పెట్టుకున్నది మామ్మ. ఆవిడకున్న ఒక్క ఆడపిల్ల, మా అత్త, ఈపో అవతల సుంగై సిపుట్ రబ్బరు తోటల్లో కాపురం చేస్తోంది. ఆ ప్రాంతం ఎమర్జెన్సీకి పుట్టిల్లు లాంటిది, అక్కడికి పోవాలంటే కర్ఫ్యూలు, సోదాలు, అనుమతి చీటీలు. తల్లీకూతుళ్లు కళ్లతో చూసుకుని తొమ్మిదేళ్లయింది. మా తాత పోయిన కబురు అత్తకి అందేసరికే ఇక్కడ అన్నీ అయిపోయాయి. అందుకే కారు వాకిట్లో ఆగిన రోజున మామ్మ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, ముందు సీటులో కూర్చుని "ఇంక పదండి" అంది. నాయన నవ్వి, "ఉండమ్మా, ఇన్సూరెన్సు కాయితం రావాలి. అది నేకుండా గేటు దాటితే నన్ను లోపలెడతారు" అన్నాడు. ఇల్లు అలకగానే పండగ కాదని అప్పుడే తెలిసింది. మామ్మ కారు దిగలేదు, కాఫీ అక్కడికే తెప్పించుకుంది.

ఆ కాగితం తెచ్చే పెద్దమనిషి తెలుక్ ఆన్సన్ నుంచి సైకిలు మీద వచ్చే ఏజెంటు. ఎండైనా వానైనా గొడుగు వదిలేవాడు కాదు కాబట్టి మేం గొడుగయ్య అనేవాళ్లం. తండ్రి తమిళుడు, తల్లి మనవాళ్ల పిల్ల. తెలుగు అర్థమయ్యేది, మాట మాత్రం తమిళం దారిలో వెళ్లి వచ్చేది. ఆయన నాలుగు పేజీల ఇంగ్లీషు ఫారం ఒకటి ఇచ్చి, "శనివారం వస్తాను, రాసి పెట్టండి సార్" అని వెళ్లిపోయాడు. నాయన దాన్ని తీసుకొచ్చి నా ఒళ్లో పడేశాడు. నేను అప్పుడే సీనియర్ కేంబ్రిడ్జి పరీక్ష రాసి ఫలితాల కోసం ఇంట్లో కూర్చున్నాను. నా అంత ఇంగ్లీషు వచ్చినది పెద్ద దొర తర్వాత ఆ ఎస్టేటులో నేనేనని నా గట్టి నమ్మకం. (పెద్ద దొర భార్య సంగతి నాకు గుర్తు రాలేదు.)

ఫారం మొదటి మూడు పేజీలు కారు గురించి, నాలుగోది మనుషుల గురించి. "ఈ కుటుంబంలో కారు నడపబోయేవారు" అని పైన రాసి, కింద మూడే మూడు గీతలు. ఒక్కొక్క గీత మీదా పేరు, వయసు, యజమానికి ఏమవుతారు, ఎన్నేళ్లుగా నడుపుతున్నారు, ఇంతకుముందు ప్రమాదాలు చేశారా, ఒంట్లో లోపాలున్నాయా అని గళ్లు. నాకు మహా సరదా వేసింది. అన్నేళ్లుగా ఎన్నో జాబితాలు చూశానుగానీ, మనిషికి ఒంట్లో ఎలా ఉందని అడిగిన జాబితా ఇదే మొదటిది. నాయన పేరు, బాబాయి పేరు రాసి, కలం పక్కన పెట్టి సిరా ఆరబెడుతుంటే మామ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఏటే గుంటా ఆ కాయితం? ఇంటోళ్ల పేర్లేనా?"

"అవును మామ్మా. కారు కాగితం."

"నా పేరు రాసినావా?"

"ఇది కారు నడిపేవాళ్లకి మామ్మా. నువ్వు నడపవు కదా."

మామ్మ కాసేపు ఆ కాగితం వంక చూసింది. చదువు రాదు, అయినా ఎన్ని పేర్లున్నాయో లెక్కపెట్టగలదు. "రెండే ఉన్నాయి. నీ బాబాయితో కలిపి ఏడుగురం. ఒలే, అప్పుడు కూడా ఇలగే సెప్పినారు. ఇక్కడ పడుకున్నోళ్ల పేర్లే రాత్తాం, ఇంకేటీ నేదు అన్నారు. నాను నీ బాబాయికి జొరమని ఎల్లి మూడు రోజులు ఆడి కాడుంటే, ఆ మూడు రోజుల్లోనే లెక్క సూసీనారు. తిరిగొచ్చినాక గేటుకాడ ఆ పోలీసోడు ఏటన్నాడో తెల్సా? ఈ ఇంట్లో నువ్వు నేవు, ఎవులివి నువ్వు అన్నాడు. నా ఇంటికాడ, నన్ను!"

ఆ కథ నాకు తెలుసు. మధ్యాహ్నమంతా మామ్మ గేటు బయట మూట మీద కూర్చుంది. నాయన పెద్ద దొర చీటీ తెస్తేగానీ లోపలికి రానివ్వలేదు. ఆ తర్వాత మూడు వారాలు ఆవిడ వంతు బియ్యం రాలేదు. మా అమ్మ అందరి కంచాల్లోంచి పిడికెడు పిడికెడు తగ్గించి ఆవిడకి పెట్టింది. ఆ మూడు వారాలూ మామ్మ తన ఇంట్లో తను చుట్టంలా మొహమాటంగా తిన్నది.

ఇప్పుడు నా తెలివి ఎంతటిదో వినండి. నడపడం అంటే ఏమిటో నాకు తెలుసు, ఆ ఇంగ్లీషు ముక్కకి అర్థమూ తెలుసు. కానీ అప్పట్లో మా లైన్లలో పుట్టి పెరిగిన ఎవరికైనా ఒక సూత్రం ఒంటబట్టి ఉండేది. ప్రభుత్వం ఇచ్చిన కాగితంలో ఇంటి మనిషిని రాయకపోతే దాచినట్టు లెక్క, దాస్తే జైలు. (ముద్ర ఉన్న కాగితమేదైనా మాకు ప్రభుత్వానిదే, ఇన్సూరెన్సు కంపెనీ ప్రభుత్వం కాదని నాకు పెళ్లయ్యాక తెలిసింది.) రాయకుండా వదిలేస్తే ప్రమాదం, ఎక్కువ రాస్తే ఏమవుతుంది? మహా అయితే కొట్టేస్తారు. పైగా ఏడుగురి పేర్లు రాస్తే వాళ్లేం చేస్తారో చూడాలని నాకు లోపల ఒక దురద. మామ్మ పేరు మూడో గీత మీద రాశాను. వయసు అరవై ఎనిమిది. ఎన్నేళ్లుగా నడుపుతున్నారు అంటే, తాత ఎస్టేటులో కొబ్బరికాయల బండి తోలేవాడు, ఆయనకి ఒంట్లో బాగాలేనప్పుడల్లా మామ్మే తోలేది, కాబట్టి "నలభై ఏళ్లు, ఎద్దులు" అని రాశాను. ప్రమాదాలు: ఒకసారి కాలవలో పడినది, తప్పు ఎద్దుది. లోపాలు: ఎడమ కంటికి పొర, అయినా ఎద్దులకు దారి తెలుసు.

నిండా మునిగాక చలేమిటి? స్కేలు పెట్టి కింద ఇంకో నాలుగు గీతలు గీశాను. అమ్మకి "అనుభవం లేదు, పక్కన కూర్చుని చెబుతుంది" అని రాశాను. తొమ్మిదేళ్ల పెద్ద తమ్ముడికీ ఆరేళ్ల చిన్న తమ్ముడికీ "హారన్ మాత్రమే" అని రాశాను. చివర నా పేరు రాసుకుని, అనుభవం గడిలో ఏం రాయాలో తోచక "ఆసక్తి ఉంది" అన్నాను. నాయన ఆఫీసుకి పోయే హడావిడిలో నాలుగో పేజీ చూశాడు. రోజూ వంద పేర్ల హాజరుపట్టీల మీద సంతకం చేసే చెయ్యి కదా, ఏడు పేర్లు ఆయనకి వింతగా అనిపించలేదు. కేంబ్రిడ్జి చదువు మీద నమ్మకంతో కింద సంతకం పెట్టేశాడు.

శనివారం గొడుగయ్య వచ్చాడు. వరండాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాం. ఆ రోజు బాబాయి కూడా ఉన్నాడు. గొడుగయ్య మూడు పేజీలు తల ఊపుతూ చదివాడు. నాలుగో పేజీకి వచ్చేసరికి తల ఊపడం ఆగిపోయింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"ఎన్నమ్మా ఇదు?" అన్నాడు నా వంక చూసి. "హారన్ మాత్రమే అంటే ఏమి? ఈ ఎద్దు ఎవరిది?"

బాబాయి కాగితం లాక్కుని చదివి పొట్ట పట్టుకుని నవ్వాడు. "బాగుంది లా! అన్నయ్య కంటే మా అమ్మకే అనుభవం ఎక్కువ!" (మాట చివర ఆ "లా" మలయ్ వాళ్ల నుంచి మాకంటుకున్న అలవాటు.) నాయన మొహంలో మాత్రం నవ్వు లేదు. "ఏటే ఇది? ఏటి రాసినావు?" అన్నాడు. నేను తలుపు వెనక్కి తప్పుకున్నాను. కేంబ్రిడ్జి నాకంటే ముందే తప్పుకుంది.

గొడుగయ్య మంచివాడు, కోప్పడలేదు. "సార్, ఇది రాసింది రాసినట్టు పంపితే ఆఫీసులో ఇది కారా బస్సా అని అడుగుతారు. కాగితం రాదు. కాగితం రాకపోతే సుంగై సిపుట్ లేదు. ఒకటి చేస్తాను. నడిపేవాళ్లు ఇద్దరే కదా, మిగతా పేర్లు కొట్టేసి మీరు పక్కన చిన్న సంతకం పెట్టండి, సరిపోతుంది." అంటూ జేబులోంచి ఎర్ర పెన్సిలు తీశాడు.

పెన్సిలు ముందు మామ్మ పేరు దగ్గరికే వచ్చింది, మూడో గీత కాబట్టి. అంతవరకూ గడప మీద కూర్చుని వింటున్న మామ్మ లేచి వచ్చి, పరాయి మగాడని కూడా చూడకుండా, అరచేయి తెరిచి ఆ కాగితం మీద అడ్డంగా పెట్టేసింది.

"గీత కొట్టకు బాబూ."

"పాట్టీ," అన్నాడు గొడుగయ్య, తమిళంలో మామ్మని పిలిచినట్టు, "ఇది ఉత్త కారు కాగితం..."

"ఏ కాయితమైతే ఏటి? మా ఆయన పేరు మీద ఇలగే కొట్టినారు, ఇలాటి ఎర్ర పెన్సిలే. పీనుగు ఇంకా ఇంట్లోనే ఉంది బాబూ. పీనుగుని తియ్యకముందే ఆ తలుపు మీద కాయితంలో పేరు తీసీనారు. నాను బతికున్నాను. నా పేరు రాయకపోతే పోనీ, రాసినాక గీత కొట్టకు."

బాబాయి నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తల వంచుకున్నాడు. ఆ గీతని మేమందరం రోజూ చూస్తూనే ఉన్నాం, తలుపు మీద తాత పేరుకి అడ్డంగా. ఎవరం ఏనాడూ అడగలేదు. ప్రతిదానికీ ఇదెందుకని అడిగే నేను కూడా అడగలేదు. నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

గొడుగయ్య పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు. కాఫీ గ్లాసు ఖాళీ అయినా మళ్లీ ఎత్తి తాగినట్టు చేశాడు. తర్వాత సంచి వెతికి ఇంకో ఫారం తీశాడు. "నా దగ్గర మిగిలింది ఇదొక్కటే. అమ్మా, దీంట్లో మాత్రం నేను చెప్పినట్టు రాయి. పాతది పాట్టి దగ్గరే ఉంచుకోనీ. దాని మీద ఎవరూ ఏ గీతా కొట్టరు."

నేను కొత్త ఫారంలో నాయన పేరు, బాబాయి పేరు రాశాను. రాస్తూ రాస్తూ నోరు ఊరుకోదు కదా, "అయ్యా, నడిపేవాళ్ల పేర్లే అడుగుతారెందుకు? లోపల కూర్చునేవాళ్ల పేర్లు అక్కర్లేదా?" అన్నాను. గొడుగయ్య గొడుగు కర్ర మీద గడ్డం ఆనించాడు. "ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదమ్మా. నేనూ మా ఆఫీసులో అడగలేదు" అన్నాడు.

మామ్మ వంగి చూసింది. "ఇంకో గీత కాళీగా ఉందేటి?"

"ఇంకొకరికి చోటుంది మామ్మా. కారు తోలేవాళ్లకి."

"అయితే ఈ ఏటెందుకుని రాయండి."

నాయన ఉలిక్కిపడ్డాడు. "ఆడపిల్లకి కారేటమ్మా?"

"నాను ఎద్దుల్ని తోల్నేదేటి? మీ నాయన జొరంతో పడుంటే కాయలు ఎవులు తోలినారు, నువ్వు తోలినావా? అప్పుడు నువ్వు లాగూ ఏసుకోడం కూడా ఎరగవు." లైసెన్సు లేనిదే పేరు రాయకూడదని గొడుగయ్య నచ్చజెప్పాడు. "అయితే ఆ గీత అలగే వదిలీండి. ఇంకెవుల్నీ రాయకండి" అంది మామ్మ.

పది రోజుల్లో కాగితం వచ్చింది. మేం సుంగై సిపుట్ బయల్దేరిన రోజున దారి పొడవునా దుకాణాల మీద మెర్డెకా జెండాలు ఇంకా ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చింది కాబట్టి ఇక సోదాలుండవని నేను అనుకున్నాను. ఈపో దాటగానే రోడ్డుకి అడ్డంగా కర్ర కనిపించింది. బాబాయి కారు ఆపాడు. మలయ్ పోలీసతను వంగి లోపలికి చూసి కార్డులు అడిగాడు. మేం జేబులూ సంచులూ తడుముకునేలోగా మామ్మ రొంటిన దోపుకున్న పాత ఫారం తీసి, మడతలు విప్పి, అతని చేతికిచ్చింది. అతను ఆ ఇంగ్లీషు కూడబలుక్కుని చదివాడు. మా తలలు లెక్కపెట్టాడు, ఏడూ సరిపోయాయి. మళ్లీ మామ్మ వయసు చదివి ఆవిడ వంక చూసి, నానమ్మా, మీరు కారు నడుపుతారా అని మలయ్‌లో మర్యాదగా అడిగాడు. మామ్మకి సంత మలయ్ బాగానే వచ్చు. "లెంబు బోలే, కెరెతా బెలుమ్" అంది. ఎద్దులైతే తోలగలను, కారు ఇంకా లేదు అని.

అతను నవ్వాడు. కాగితం మడిచి రెండు చేతులతో ఆవిడకి తిరిగిచ్చి, కర్ర ఎత్తించాడు. అక్కణ్ణుంచి అత్త ఇంటిదాకా మామ్మ ఆ కాగితాన్ని చేతిలోనే పట్టుకుంది. కారు ఆగగానే అత్త ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది. మామ్మ కూతుర్ని కౌగిలించుకుని, ఆ భుజం మీంచి తలుపు వైపు చూస్తూ, "నీ పేరు ఎక్కడుందే? నాకు సూపించు" అంది. అత్త ఆవిడ వేలు పట్టి తలుపు మీది కాగితంలో చూపించింది. ఏ గీతా లేకుండా ఉంది. అప్పుడు ఏడ్చింది మామ్మ.

మరో రెండేళ్లకి నాకు లైసెన్సు వచ్చింది. ఏటా ఫారం తిరగరాసినప్పుడల్లా ఖాళీగా వదిలేస్తూ వచ్చిన ఆ మూడో గీత మీద నా పేరు నేనే రాసుకున్నాను. అనుభవం గడిలో ఈసారి "ఆసక్తి ఉంది" అని రాయలేదు. మామ్మని పక్కన కూర్చోబెట్టుకుని సుంగై సిపుట్‌కి తీసుకెళ్లాను. దారిలో ఎడ్లబండి కనిపిస్తే చాలు, ఆవిడ "దాటకే, పాపం" అనేది. నేను దాటేదాన్ని.

ఇదంతా ఇప్పుడు గుర్తు రావడానికి కారణం మొన్న మా మనవరాలు. మా ఇంటి కారు ఇన్సూరెన్సు ఇప్పుడు అదే తిరగరాయిస్తుంది, సోఫాలో పడుకుని ఫోనులోనే. గొడుగూ లేదు, కాఫీ కూడా అడగదు. నేను స్టీరింగు ముట్టుకుని మూడేళ్లయింది, కళ్లు అడ్డం తిరిగాయి. అది తలెత్తకుండానే ఇంగ్లీషులో, "అమ్మమ్మా, నడిపేవాళ్లలో నీ పేరు ఇంకా ఉంది లా. తీసేయనా?" అంది, ఏదో ఫ్రిజ్‌లో పాడైన కూర పారేయనా అన్నంత తేలిగ్గా.

నేనేం చేశానో నాకే తెలియదు. చెయ్యి దానంతట అదే వెళ్లి ఆ ఫోను మీద అడ్డంగా పడింది. ఆ కాలం కాగితాలకి చెయ్యి అడ్డుపెడితే ఆగేవి. ఈ కాలం ఫోనుకి చెయ్యి తగిలితే అదేదో నొక్కినట్టట, అరగంట నుంచి అది నింపుతున్న ఫారమంతా మాయమైంది.

"అయ్యో! ఏటి అమ్మమ్మా! ఎందుకూ?" అంది మనవరాలు. దానికి తెలుగు వచ్చినది తక్కువ, వచ్చిన నాలుగు ముక్కల్లో రెండు ఇవే అయినందుకు నాకు నవ్వొచ్చింది. జీవితమంతా అందరినీ ఆ ప్రశ్నే అడిగినదాన్ని, నన్ను అడిగేసరికి నోట మాట రాలేదు. అది నా మొహం ఒకసారి చూసి, ఏమనుకుందో ఏమో, మళ్లీ మొదటి నుంచి నింపడం మొదలుపెట్టింది. మూడో పేరు దగ్గర ఆగి, స్పెల్లింగు నన్నే అడిగి, ఒక్కొక్క అక్షరమే నొక్కింది.